పదికి పది మార్కులు, దిగని షుగరు

నా ఉద్యోగం పేరు కౌన్సెలర్. చేసే పని మాత్రం అనుమానించడం. ఖమ్మంలో ఓ షుగరు దవాఖానలో, డాక్టరుగారు వీడియోలో రోగితో మాట్లాడే ముందు ఓ పావుగంట నేను మాట్లాడాలి. వేసుకున్నానన్న మాత్ర వేసుకున్నారా, మానేశానన్న అన్నం మానేశారా, అర్థమైందని తల ఊపితే నిజంగా అర్థమైందా, మెడ పట్టేసిందా, ఇవన్నీ తేల్చి చీటీ రాసి లోపలికి పంపాలి. ఎర్రుపాలెంలో మా అమ్మ "మా పిల్ల ఫోన్లోనే వైద్యం చేస్తది" అని చెప్పుకుంటుంది. నేను కాదనలేదు. అనుమానించడం నా డ్యూటీ గానీ, అమ్మని నిజాలతో బాధపెట్టడం డ్యూటీ కాదు.

మొదట్లో ఈ అనుమానానికి ఓ పద్ధతీ పాడూ ఉండేది కాదు. అప్పుడు డాక్టరుగారు ఎక్కడో డాక్టర్ల సభకు వెళ్లొచ్చారు. ఊరెళ్లొచ్చినవాళ్లు స్టాఫుకి స్వీట్లు తెస్తారు. ఈయన షుగరు డాక్టరు కాబట్టి పది ప్రశ్నలున్న కాగితం తెచ్చారు. తన జబ్బు గురించి రోగికి ఎంత తెలుసో, చీటీ మీద ఉన్నది చదివి అర్థం చేసుకోగలడో లేదో కొలిచే కాగితమట. మాత్రల అట్ట చూపించి ఎప్పటిదాకా పనికొస్తుందో చదవాలి. 'భోజనానికి అరగంట ముందు' అంటే ఏంటో చెప్పాలి. పరగడుపు షుగరు ఎంతుంటే మంచిదో చెప్పాలి. చెమటలు పట్టి చేతులు వణికితే ఏం చేయాలో చెప్పాలి. ఇది ఏడో ప్రశ్న, గుర్తుపెట్టుకోండి. అలా పది. పదికి ఎనిమిది దాటితే రోగి తెలివైనవాడని, వీడియోలో చూస్తే చాలని లెక్క. ఐదు లోపైతే బస్సెక్కి స్వయంగా రావాలి.

ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ, వారం తిరిగేసరికి మా రోగులందరికీ అది పరీక్ష అని తెలిసిపోయింది. ఫెయిలైతే పింఛను ఆగిపోతుందని ఒకరు. పాసైతే నయమైపోయిందని రాసి మందులు ఆపేస్తారని ఇంకొకరు. కుసుమంచి వైపు ఓ పెద్దరైతు మాత్రం ఏ భయమూ లేకుండా పది ప్రశ్నలకూ ఒకటే జవాబు చెప్పాడు. "మా ఇంటామె ఇస్తది, నేను మింగుత." ఏ మాత్ర? ఇంటామె ఇస్తది. ఎప్పుడు? ఇచ్చినప్పుడు. సున్నా మార్కులు. ఆయన షుగరు చూస్తే పాఠాల పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు, అంత చక్కగా ఉంది. కాగితం మీద నాకు అనుమానం రావలసింది అప్పుడే. రాలేదు. మనుషుల మీద రావడం అలవాటైపోయింది కదా.

ఇక ఈ కథలో అసలు ముద్దాయి దగ్గరికొస్తాను. టేకులపల్లిలో మెయిన్ రోడ్డు మీద కుట్టు మిషన్ దుకాణం ఉన్న చాచా. అరవై దాటిన మనిషి. వాళ్ల తాతల నాటి నుంచీ అదే దుకాణం, ఇల్లు దాని వెనకే. అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల జాకెట్లు, స్కూలు పిల్లల యూనిఫారాలు, రంజానుకి, దసరాకి ఎవరి పండగకు వాళ్ల బట్టలు, అన్నీ ఆయనే కుట్టాలి. ఏడాదిగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు. మాకు మిషను వెనక కూర్చునే కాల్ చేస్తాడు, ఫోన్‌ని దారపు రీళ్ల డబ్బాకి ఆనించి. దాంతో ఆయన మొహం కంటే గడ్డమే ఎక్కువ కనిపించేది.

ఈ చాచాకి పదికి పది.

మొదటిసారే కాదు, ప్రతిసారీ. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేసేది. అంకెలైతే నీళ్లు తాగినట్టు. జీవితమంతా ఇంచులూ, పావులూ, అరలూ చదివిన కళ్లు కదా, అట్ట మీది తేదీ ఎంత సన్నగా ఉన్నా అద్దాలు లేకుండా చదివేవాడు. నాకు నచ్చిన రోగి. ఒకసారి సూది నొప్పిగా ఉందంటే సన్నది అడిగి తెచ్చుకోమన్నాను. తెచ్చుకున్నాక ఆయన పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు.

"మా మిషన్ సూదికి నంబర్ పెరిగితే సూది లావు బేటీ. పదహారు నంబర్‌తోని జీన్స్ కుట్టొచ్చు. మీ సూదికి నంబర్ పెరిగితే సన్నమట! మీ డాక్టర్లది అంతా ఉల్టా."

"అందుకే చాచా, మీరు మాకు చూపించుకుంటారు, మేం మీకు కొలతలిస్తాం."

నవ్వుకున్నాం. ఆ నవ్వు తర్వాత నెల నుంచీ చాచా షుగరు ఎక్కడం మొదలుపెట్టింది.

రెండు వందలు. రెండు వందల నలభై. పరగడుపునే రెండు వందల ఎనభై. మొదట పదహారు యూనిట్లు తీసుకునేవాడు. డాక్టరుగారు ఇరవై చేశారు. తర్వాత ఇరవై ఆరు. తర్వాత ముప్పై రెండు. చాచా కాలి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, పెడల్ మీద కాలు ఉందో లేదో చూసుకుంటే గానీ తెలియట్లేదని చెప్పాడు. దర్జీకి కాలు పోతే మిషన్ పోయినట్టే. ఆ మాట నవ్వుతూనే చెప్పాడు గానీ చెప్పాక కాసేపు దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాడు.

పదికి పది మార్కులు, రెండు వందల ఎనభై షుగరు. ఈ రెండూ ఒకే మనిషివి అంటే ఎక్కడో అబద్ధం ఉండాలి. డాక్టరుగారు అదే అన్నారు. "తింటున్నాడమ్మా. ఏదో తింటున్నాడు. కనిపెట్టు."

నా జీవితంలో నాకు ఇంత స్పష్టంగా ఎవరూ పని చెప్పలేదు. కొత్త నోటు పుస్తకం కొన్నాను. సినిమా పోలీసులా పెన్ను నోట్లో పెట్టుకుని అనుమానాలు రాయడం మొదలుపెట్టాను.

మొదటి అనుమానం చాచీ మీద. కాల్ జరుగుతున్నంతసేపూ ఆమె కెమెరాకి అందకుండా పక్కనే ఉండేది. గాజుల చప్పుడు వినిపించేది. మధ్యలో ఇద్దరూ ఉర్దూలో గుసగుసలాడుకునేవారు. నాకొచ్చిన ఉర్దూ దవాఖానా, కిరాయి, జల్దీ దగ్గర ఆగిపోతుంది. వాళ్ల మాటల్లో నాకు అర్థమైంది 'చుప్' ఒక్కటే. ఆమె అందిస్తుంటే ఈయన చెబుతున్నాడని రాసుకున్నాను. ఓ రోజు ఫోన్ ఆమెకిమ్మన్నాను.

"చాచీ, మీరేమైనా ఆన్సర్లు చెబుతున్నారా?"

"నేనా? నాకేం తెల్వదు బిడ్డా. నేను వేరే చెప్తున్న ఆయనకి."

"ఏం చెబుతున్నారు?"

"చాయ్ తాగుతున్నవని ఒప్పుకొమ్మంటున్న. మా బాజుల, గీ పక్కకే హోటల్ ఉంది కదా, గాడ తాగుతున్నడు. రెండు చెంచాల చక్కెర. ఒప్పుకుంటలేడు."

"తాగుతుంటే మీరు చూశారా?"

"చూస్తే ఇంకేంది, గ్లాస్ గుంజుకోనా? చూడలే. నాకు ఎర్కే."

పక్కనుంచి చాచా గొంతు. "అల్లా సాక్షిగ తాగలే బేటీ! హోటలాయనతోని కూడ కొట్లాట పెట్టుకుంది. ఆయన నా దిక్కు చూసుడే బందు చేసిండు."

భార్య సాక్ష్యం. కానీ చూసిన సాక్ష్యం కాదు. పుస్తకంలో 'చాయ్' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ ప్రశ్నార్థకం చూసుకుని చాలా గర్వపడ్డాను.

రెండో అనుమానం ఇంకా పెద్దది. చాచా వెనక గోడకి ఓ చెక్క అర ఉంది. ఫోన్ కొంచెం జరిగినప్పుడల్లా అందులో నారింజ రంగువి ఏవో చిన్నచిన్నవి వరసగా కనిపించేవి. వారం వారం ఆ వరస పెరుగుతోంది. పిప్పరమెంట్లు! స్కూలు పిల్లలకి ఇవ్వడానికి పెట్టుకున్నానంటాడు, నాకు తెలుసు. మా పెదనాన్న కూడా పిల్లల కోసమే బెల్లం మిఠాయి కొనేవాడు, ఇంట్లో పిల్లలెవరూ లేకపోయినా. పుస్తకంలో 'నారింజ మిఠాయి, వెనక అర' అని రాసి రెండు గీతలు కొట్టాను.

ఆ సోమవారం పొద్దున డాక్టరుగారు చాచా ఫైలు తెరిచి, "ఇవాళ ముప్పై ఎనిమిది చేద్దాం. ముందు నువ్వు మాట్లాడు" అన్నారు. ఎనిమిదింటికి కాల్ కలిపాను. చాచా టిఫిన్ ముందు ఇన్సులిన్ తీసుకునే వేళ. ఈసారి ప్రశ్నలు వద్దనుకున్నాను. నోటితో ఎవరైనా చెబుతారు. నా కళ్ల ముందే చేయమంటే?

"చాచా, ఇవాళ పరీక్ష లేదు. మీరు రోజూ ఎట్లా తీసుకుంటారో అట్లా చేసి చూపించండి. నేను మాట్లాడను."

"ప్రాక్టికల్సా?" అన్నాడు అనుమానంగా. "దీనికి మార్కులెన్ని?"

"మార్కులు లేవు చాచా."

"మార్కులు లేకుంటే ఎందుకడుగుతున్నవ్?"

నమ్మలేదు. అయినా మొదలుపెట్టాడు. చేతులు కడుక్కొచ్చాడు. సీసాని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాడు. కొత్త సిరంజి డబ్బా చింపాడు. గాలి లాగాడు, సీసాలోకి వదిలాడు, తలకిందులు చేసి మందు లాగాడు. ముప్పై రెండు గీత మీద ఆపి వెలుతురుకి పెట్టి చూశాడు. బుడగ ఉంటే గోరుతో టకటక కొట్టి పంపేశాడు. మా నర్సింగ్ స్టూడెంట్లకి ఈ వీడియో చూపించి సిగ్గుపడమని చెప్పొచ్చు. ఒక్క తప్పు లేదు. నాకు విసుగొచ్చింది. తప్పు చేయని మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో పోలీసులకు తెలుసు.

చొక్కా ఎత్తాడు. పొట్ట మీద స్పిరిట్ దూది రాస్తున్నాడు. ఇక మిగిలింది మిఠాయే.

"చాచా, ఒక్కటి అడుగుతాను. అబద్ధం చెప్పొద్దు. మీ వెనక అరలో ఆ నారింజ రంగువి ఏంటి?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చాచీ గాజులు కూడా అటు కదిలాయి.

"గివా?" ఎడమచేత్తో ఓ థర్మాకోల్ ముక్క తీసి కెమెరా ముందు పెట్టాడు. దానిలో నారింజ గొట్టాలు నిలబెట్టి గుచ్చి ఉన్నాయి. ఒకటి లాగి చూపించాడు. లోపల మిషన్ సూది. "మీ సిరంజీల మూతలే బేటీ. పారేసుడు ఎందుకని సూదులు పెట్టుకుంటున్న. పదకొండు నంబర్ ఇటు, పద్నాలుగు అటు, పదహారు గీ చివర్ల. మునుపు సూదులు జారి కాలికి గుచ్చుకునేటియి. ఇప్పుడు కాలికి గుచ్చుకున్నా తెలుస్తలేదు కదా, అందుకని."

మిఠాయి కాదు. నా రెండు గీతలు వృథా. పెన్ను కింద పెట్టబోయాను.

అప్పుడు ఆయన కుడిచేయి చూశాను. అందులో సిరంజి ఉంది. పక్కన పెట్టిన దాని మూత ఎర్రగా ఉంది.

"చాచా, ఆగండి!"

"ఇది ఎన్నో ప్రశ్న?"

"ప్రశ్న కాదు! ఆగండి! పొడుచుకోవద్దు!"

"ఎందుకు పొడుచుకోవద్దో కూడా నేనే చెప్పాల్నా? పరగడుపున, తినే ముందు..."

"చాచా, మార్కులన్నీ ఇస్తాను, ఆ సూది కింద పెట్టండి!"

మార్కులన్న మాటకి సిరంజిని పక్కనున్న ట్రేలో పెట్టాడు. సినిమాలో అయితే ఇక్కడ నెట్‌వర్క్ పోవాలి. టేకులపల్లిలో రోజుకి పదిసార్లు పోయే నెట్‌వర్క్ ఆ నిమిషం చక్కగా ఉంది. దాని గొప్పతనం కూడా చెప్పుకోవాలి.

"ఈ ఎర్ర మూతది ఎప్పుడు తెచ్చారు?"

చాచీ చెప్పింది. "నిన్న. సన్నవి అయిపోయినయట. మెడికల్ షాపాయన పాతయే ఇచ్చిండు. ఇయ్యాల పొద్దుగాల్నే తెరిచినం."

"మొన్నటిదాకా నారింజవేనా? మూడు నెల్లూ?"

"అవ్. సన్న సూది వాటికే ఉన్నది కదా."

నాకు చెమటలు పట్టాయి. షుగరు లేనివాళ్లకి కూడా పడతాయి, ఏడో ప్రశ్నలో ఆ సంగతి లేదు. విషయం విడమరిచి చెప్పాను. ఆయన సీసా మీద నలభై అని రాసి ఉంది. ఎర్ర మూత సిరంజి ఆ నలభై సీసా కోసం చేసింది. నారింజ మూతది వంద అని రాసి ఉండే, మందు ఇంకా చిక్కగా ఉండే వేరే సీసా కోసం. రెండింటి మీదా గీతలుంటాయి, అంకెలుంటాయి, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కానీ ఆయన సీసాకి నారింజదాన్ని పెట్టి ముప్పై రెండు గీత దాకా లాగితే, ఒంట్లోకి పోయేది పదమూడుకి కూడా తక్కువ.

ఇంత చెప్పి, అర్థం కాలేదంటాడేమో, బొమ్మ గీద్దామని కాగితం కోసం వెతుకుతున్నాను. మా స్టాఫులో ఇద్దరికి ఇది మూడు రోజులు చెప్పాల్సి వచ్చింది.

చాచా మెడలోంచి టేపు తీశాడు. మిషన్ మీదున్న ఇంకో టేపు తీశాడు. రెండూ పక్కపక్కన పట్టుకుని కెమెరాకి చూపించాడు. మొదట్లో రెండూ సమానంగానే ఉన్నాయి. చివరికొచ్చేసరికి ఒకదాని ముప్పై ఆరు దగ్గర ఇంకోదాని ముప్పై ఐదు కూడా సరిగా లేదు.

"గీ పాతది సాగింది బేటీ. అయినా పారెయ్య. ఎందుకంటే దీనితోని కొలిస్తే దీనితోనే కత్తిరిస్త. ఏ టేపుతోని కొలిస్తే ఆ టేపుతోనే కత్తిరించాలె. మా అబ్బా నాకు నేర్పిన మొదటి మాట. ఒకదానితోని కొలిచి ఇంకోదానితోని కత్తిరిస్తే చొక్కా ఎవరికీ రాదు." ఆగాడు. "అంటే డాక్టర్ సాబ్ ఎర్ర టేపుతోని కొలిచిండు. నేను నారింజ టేపుతోని కత్తిరిస్తున్న."

"అంతే చాచా."

"తక్కువ పడ్డదని ఆయన కొలత పెంచుకుంట పోయిండు. ఇప్పుడు నా చేతిల మళ్ల ఎర్ర టేపు. కొలత పెరిగిందే ఉన్నది." ట్రేలో పెట్టిన సిరంజిని చూశాడు. "గిది ఎక్కితే?"

"చెమటలు, వణుకు..."

"ఏడో ప్రశ్న," అన్నాడు మెల్లగా. "మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగాలె. స్పృహ ఉంటే."

ఈసారి చాచీ 'చుప్' అనలేదు. ఆమె చేయి ఒకటి వచ్చి ఆ ట్రేని ఇంకొంచెం దూరంగా జరిపింది.

చాచాని లైన్లోనే ఉంచి ఫైలు పట్టుకుని లోపలికి పరిగెత్తాను. డాక్టరుగారు విని కుర్చీలో వెనక్కి వాలారు. ముందు చాచాతో మాట్లాడి, ఎర్ర మూత సిరంజితోనే పాత పదహారు దగ్గర మొదలుపెట్టమన్నారు. నారింజవి ఇంట్లో ఒక్కటి కూడా ఉంచొద్దన్నారు. సూదులు పెట్టుకునే మూతలు ఉండొచ్చా అని చాచా అడిగితే ఉండొచ్చన్నారు. కాల్ అయిపోయాక మొదలైంది అసలు విచారణ.

"నారింజ సిరంజి ఎవరిచ్చారు ఆయనకి? షాపువాడా?"

షాపువాడు సన్న సూది అడిగితే సన్న సూది ఇచ్చాడు. మరి సన్న సూది అడగమని ఎవరు చెప్పారు? నా అనుమానాల పుస్తకంలో చాచా ఉన్నాడు, చాచీ ఉంది, హోటలాయన ఉన్నాడు, పిల్లలకి పంచని పిప్పరమెంట్లున్నాయి. ఫైలు తిరగేశాను. మూడు నెలల కిందటి పేజీలో నా దస్తూరీ. 'సూది నొప్పి. సన్న సూది వాడమని సలహా ఇవ్వబడింది.'

ఇవ్వబడింది! ఎంత అందమైన మాట. దానికదే ఆకాశంలోంచి పడినట్టు. ఆ కాగితం మీద ఎక్కడా నా పేరు లేదు. నోరు మూసుకుంటే తప్పు షాపువాడి మీదకే పోయేది. ఆయన పెడల్ మీద కాలు వెతుక్కుంటున్న సంగతి గుర్తొచ్చింది.

"నేనే సార్," అన్నాను. "సన్న సూది అడగమన్నాను గానీ, నలభై సీసాకి సరిపోయేదే అడగమని చెప్పలేదు."

డాక్టరుగారు ఫైలు అందుకుని డోసులు రాసిన పేజీ తిప్పారు. తిడతారని నిలబడ్డాను. "మూడుసార్లు డోసు పెంచాను," అన్నారు. "సిరంజి చూపించమని ఒక్కసారీ అడగలేదు నేను." ఆ తర్వాత నన్ను తిట్టారు కూడా. అది వేరే, గట్టిగానే తిట్టారు.

ఆ వారమంతా చాచాకి రోజూ ఫోన్ చేశాను. డాక్టరుగారు కొంచెం కొంచెంగా సర్దుతూ వచ్చారు. నెల గడిచేసరికి పరగడుపు షుగరు నూట ముప్పై దగ్గర నిలబడింది. కాలి తిమ్మిరి అంత త్వరగా పోదట. బొటనవేలి వరకు కొంచెం తెలుస్తోందన్నాడు. పెడల్ చూసుకోకుండా ఒక జాకెట్ కుట్టానని చెప్పాడు, ఎత్తి చూపించాడు కూడా. కుట్టు తిన్నగానే ఉంది.

కాగితానికి పదకొండో ప్రశ్న చేరింది. 'మీ సీసా, మీ సిరంజి కెమెరాకి చూపించండి.' చదవక్కర్లేదు, చెప్పక్కర్లేదు. మాత్రలే మింగే కుసుమంచి రైతు సీసాకి బదులు వాళ్లావిడనే పిలిచి చూపించాడు. ఆయన జీవితంలో మొదటి మార్కు.

చాచాని కూడా అడిగాను. ఎర్ర మూత, నలభై సీసా, టక్కున చూపించాడు.

"పదకొండుకి పదకొండు చాచా."

"మరి నాకు పడ్డ తిట్లకెన్ని?" అన్నాడు. "తాగని చాయ్‌కి మూడు నెలలు తిట్లు తిన్న. ఇంటామె ఇప్పుడు హోటలాయనకి సెమియా పంపిస్తున్నది, తప్పయిందని."

కెమెరా పక్కన గాజులు మోగాయి. చాచీ ఏదో అంటూ లోపలికి వెళ్లింది. చప్పుడు దూరమయ్యేదాకా చాచా కదల్లేదు. తర్వాత దారపు డబ్బా దగ్గరికి వంగాడు. మొదటిసారి ఆయన మొహం మొత్తం కనిపించింది.

"బేటీ," అన్నాడు గొంతు తగ్గించి. "రెండుసార్లు తాగిన. రెండే. అది రాయకు."

నా పుస్తకంలో 'చాయ్?' అన్న పేజీ తెరిచాను. ఆ ప్రశ్నార్థకం ఒక్కటే కొట్టేశాను. ఆయనకి మాత్రం రాయనన్నాను.